అందరూ కూర్చున్నాకే

మనవాళ్ళు మగ్గాల పనికి వలసొచ్చిన పరాయి రాష్ట్రంలో, నవాగామ్‌లోని మా తెలుగు బడిలో పదకొండేళ్ళు మధ్యాహ్న భోజనం వండాను. నా దగ్గర ఒకటే కట్టుబాటు: వరసలో అందరూ కూర్చున్నాకే ముద్ద ముట్టాలి. తొందరపడ్డవాడికి గరిటె చూపించేదాన్ని.

కరోనా వచ్చి బడి మూతపడ్డాక వంట పోయింది. పిల్లల వాటా బియ్యం సంచుల్లో కట్టి ఇళ్ళకు ఇవ్వమన్నారు. గేటు దగ్గర నేనే కొలిచి ఇచ్చేదాన్ని. ఇంటికెళ్ళి నా ఒక్కదానికి గుప్పెడు బియ్యం పొయ్యి మీద పెడితే ఏడుపొచ్చేది. రెండు వందల మందికి వండిన చెయ్యి, కూరలో ఉప్పు ఎప్పుడూ ఎక్కువే పడేది.

ఆగస్టులో రెండో విడత పంచే రోజు మూడో తరగతి సంధ్యారాణి ఒక్కతే వచ్చింది. చేతిలో పేరు కొట్టించిన స్టీలు పళ్ళెం, చంకలో పోయిన విడత సంచి. కట్టిన ముడి కట్టినట్టే ఉంది.

"ఏందే, బియ్యం వండుకోలేదా?"

"నాయిన పొద్దుగాల కార్ఖానకు పోతే చీకటైనంక వస్తడు. పావ్ రొట్టె తెస్తడు. అమ్మ కాన్పుకు సిరిసిల్ల పొయ్యి ఆడనే ఉండిపోయింది, బండ్లు బందైనయి." సంచి నా ముందు పెట్టింది. "నువ్వు వండుతవని తెచ్చిన అవ్వా."

బియ్యం చేతిలో పెట్టి మా పని అయిపోయిందనుకున్నాం. ఎనిమిదేళ్ళ పిల్ల పొయ్యి ఎలా వెలిగిస్తుందని ఎవరికీ తట్టలేదు. అందరికంటే ముందు నాకు తట్టాలి. సిగ్గుతో తల దించుకున్నాను.

"సార్, గీ ఒక్క పిల్లకన్న వండి పెడత," అని పెద్దసారును అడిగాను.

"బడిల పొయ్యి వెలిగించొద్దని ఆర్డర్ ఉంది భాగీరథీ. నా నౌకరీ పోతది."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా!

"అయితే మా ఇంట్ల వండుత. దానికి గూడ ఆర్డర్ ఉందా?"

పిల్లను వెంటబెట్టుకుని మా గదికి వచ్చాను.

పప్పు, అన్నం వండి, దాని పళ్ళెంలోనే వడ్డించి పక్కన నిలబడ్డాను. పిల్ల చూపంతా అన్నం మీదే. చేతులు మాత్రం ఒళ్ళోంచి కదలలేదు.

"తినవేందే? చల్లారుతది."

"ఇంక అందరు కూసోలే గదా అవ్వా."

గదిలో ఎవరున్నారు కనక? పదకొండేళ్ళు నిలబడి వడ్డించడమే తప్ప ఏనాడూ పిల్లల పక్కన కూర్చుని తినలేదు నేను. నా కంచం తెచ్చుకుని, దాని పక్కన మఠం వేసుకుని కూర్చున్నాను.

"అందరం కూసున్నమే బిడ్డా. ఇగ తిను."