ముందే చెప్పిన సాక్ష్యం

ఆ ఆదివారం టూంగాబీ తెలుగు క్రైస్తవ సంఘంలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయం రాగానే అందరికంటే ముందు మరియరాణి లేచింది. ఆమె కొడుకు మార్క్ యూనివర్సిటీలో రెండో సంవత్సరం. బేస్‌బాల్ జట్టులో బంతి విసిరే పిచ్చరు. మంగళవారం జపాన్ క్లబ్బువాళ్లు వచ్చి అతని ఆట చూస్తారు. నచ్చితే కాంట్రాక్టు ఇస్తారు.

ఆమె నోట 'నచ్చితే' అన్న మాట రాలేదు. కార్యం జరగకముందే జరిగిందని చెప్పడమే విశ్వాసమని తెనాలిలో వాళ్లమ్మ నేర్పింది.

"దేవుడు నా బిడ్డకి కాంట్రాక్టు ఇచ్చాడు" అంది మైకులో. హాలంతా ఆమేన్ అంది.

ఆరాధన అయ్యాక వెనక గదిలో భోజనాలు పెట్టారు. జూడీ ఆంటీ మార్క్ పక్కన చేరింది.

"జపాన్‌లో పచ్చి చేపలు పెడతారంటరా! ఆవకాయ సీసా లేకుండా విమానం ఎక్కమాక."

మార్క్ నవ్వాడు. మరియరాణి మాత్రం అతని పళ్లెం వైపు చూస్తోంది. బిర్యానీని ఎడమ చేత్తో, స్పూనుతో తింటున్నాడు. కుడి చెయ్యి ఒళ్లోంచి కదలడం లేదు.

అతన్ని వంటగదిలోకి పిలిచి, మోచేతి లోపలివైపు వేలితో నొక్కింది. పదిహేనేళ్లుగా వృద్ధుల హోమ్‌లో ముసలివాళ్ల కీళ్లు పట్టి చూస్తున్న చెయ్యి అది. మార్క్ పళ్లు బిగించాడు.

"ఎన్నాళ్ల నుంచిరా?"

"త్రీ వీక్స్."

"ఫిజియోకి చూపించావా?"

"లిగమెంట్ సగం చిరిగిందన్నాడు. ఇప్పుడు విసిరితే మొత్తం తెగిపోవచ్చంట. రెస్ట్ తీసుకుంటే మేబీ నెక్స్ట్ ఇయర్."

"మరి కోచ్‌కి చెప్పవేం?"

"టుడే చెప్దామనుకున్నా. నువ్వు మైక్‌లో చెప్పేశావుగా." గొంతు తగ్గించాడు. "జస్ట్ థర్టీ పిచెస్, అమ్మా. టాబ్లెట్ వేసుకుని లాగేస్తా."

పళ్లేలు పెట్టడానికి వచ్చిన ఆమె భర్త ఎలియాజర్ ఆ మాటలు విన్నాడు. తలుపు దగ్గరికి వేశాడు.

"రాణీ, నువ్వు తొందరపడమాక. చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకుంటే సంఘంలో తలెత్తుకోగలమా? ఈ రెండ్రోజులూ ఉపవాసం ఉందాం. దేవుడు ముట్టి బాగుచేస్తాడు."

"బాగుచెయ్యకపోతే?"

"ఏంటా మాటలు? ఇందాకేగా ఇచ్చేశాడన్నావు!"

మరియరాణి కొడుకు మోచేతి కేసి చూసింది. పైకి ఏమీ కనిపించడం లేదు, కొద్దిగా వాపు తప్ప. ఈ చెయ్యి తెగిపోతే జపాన్ సంగతి అటుంచి, ఇక్కడ శనివారాల్లో ఆడే మామూలు ఆటకి కూడా పనికిరాడు. తను చెప్పిన మాట నిలబెట్టడానికే వాడు విసరబోతున్నాడు.

ఎలియాజర్‌ని పక్కకి తప్పించి హాల్లోకి నడిచింది. వైర్లు చుడుతున్న పాస్టరుగారు తలెత్తారు.

"ఇంకో సాక్ష్యమా అక్కా?"

"ఒక్క నిమిషం ఇవ్వండయ్యా."

మైకు అందుకుంది. వెనక గదిలోంచి పళ్లేలతోనే కొందరు తొంగిచూశారు.

"ఇందాక నేను అబద్ధం చెప్పాను. కాంట్రాక్టు రాలేదు. మా వాడి మోచేతి లిగమెంట్ చిరిగింది. మంగళవారం ఆడడు. వాడి చెయ్యి కోసం ప్రార్థన చెయ్యండి."

ఆమేన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఎలియాజర్ కారు తాళాలు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. జూడీ ఆంటీ దగ్గరికొచ్చి భుజం పట్టుకుంది. మరియరాణి కళ్లు కొడుకు కోసం వెతికాయి. అతను వంటగది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముఖం ఎర్రబడింది.

"యూ డిడ్ ఇట్ అగైన్" అన్నాడు, ఆమె దగ్గరికి రాగానే.

"నీ చెయ్యి పోతుందనిరా..."

"ఐ నో. ఆడనని నేను చెప్పాలి కదమ్మా. వచ్చిందనీ నువ్వే చెప్పావ్, రాలేదనీ నువ్వే చెప్పావ్. ఒక్కసారైనా నన్ను అడిగావా?"



అతను ఫోన్ తీసి కోచ్ నంబరు నొక్కాడు. ఆమె దగ్గరికి జరగబోతే తల అడ్డంగా ఊపి, గోడవైపు తిరిగాడు.

"కోచ్, ఇట్స్ మార్క్" అంటున్నాడు. ఆమె ఉన్నచోటే ఆగింది. మంగళవారం ఆడనని, ఈసారి అతనే చెప్పాడు.