ఆరని సుద్దబిళ్లలు

కురుమూర్తి గద్వాలలో రైలెక్కి హైదరాబాదు పోయి పదకొండు నెలలైంది. మగ్గాల ఇంట్లో పుట్టినా చదువు అబ్బి, ఒక నూనెల ప్రయోగశాలలో కొలువు సంపాదించాడు. వేరుశనగ నూనెను నెయ్యిలా గడ్డకట్టించడం అక్కడి పని. ఇంత చదివింది నెయ్యి చెయ్యడానికా అని భార్య రేణుకమ్మ మొదట్లో పకపకా నవ్వింది. ఇప్పుడా నవ్వు ఏది? మగ్గం మీద కూర్చున్నా రైలు కూత వినబడితే చాలు, చెయ్యి ఆగిపోతుంది. ఆమెకు మనిషి కావాలి, అంతే.

ఉత్తరాలు చదివిపెట్టేది బడిపంతులు సామ్యూల్. ప్రపంచ యుద్ధంతో విదేశీ తెల్లమన్ను రావడం ఆగిపోయింది, మన దిక్కు మన్ను పంపమని ఒకసారి రాశాడు కురుమూర్తి.

“మన్నెందుకు పంతులూ?”

“నూనెను గడ్డకట్టించేది నికెల్ అనే లోహమమ్మా. ఉత్తగ కాకపెడితె దాని గింజలన్ని అతుక్కొని ముద్దయితయట, ఇగ పని చెయ్యదు. మన్ను మీద పరిస్తె విడివిడిగ నిలబడ్తయి. మన్నును బట్టి గుణం గూడ మారుతదట. ఒకదాని మీద చురుకు, ఇంకోదాని మీద మొద్దు.”

“గట్లనా! నిలబడే జాగ మంచిగుండాలె. మనుషులకు గూడ గంతే గద,” అంది రేణుకమ్మ.

గోడకు కొట్టే సున్నం, మానవపాడు ఎర్రమన్ను, ధరూర్ దిక్కు సుద్ద, మూడూ మూటకట్టింది. సుద్ద మరీ మెత్తన, గుడ్డలోంచి రాలిపోతోంది. నేతగత్తె చెయ్యి ఊరుకుంటుందా! పడుగుకు పెట్టే గంజి అందులో పోసి పిసికి, బిళ్లలు చేసి ఎండబెట్టి పంపింది. ఆ సంగతి చెప్పడం మరిచిపోయింది.

నెల తిరక్కుండా జవాబొచ్చింది. సున్నం మీద నికెల్ మొద్దుబారింది, ఎర్రమన్ను మీద అంతంతమాత్రం. నువ్వు పంపిన సుద్ద మీద మాత్రం పరుగెత్తింది! అదే చోటి సుద్ద మళ్లీ తెప్పిస్తే సగం పని కూడా చెయ్యలేదు, నువ్వేం చేశావో రాయి అని.

“ఏం రాయమంటవమ్మా?” సామ్యూల్ కలం సిరాలో ముంచాడు.

గంజి అని ఒక్క మాట చాలు. ఆ మాట ఉత్తరంలో పోతే మనిషి రాడు. రేణుకమ్మ తల దించుకుంది.

“చెప్తె తెల్వదు, వచ్చి చూస్తె తెలుస్తదని రాయి.”

వచ్చాడు! చిక్కిపోయాడు. పని నేర్చుకునేదాకా సెలవిచ్చారట. ఆమె సుద్దలో గంజి పొయ్యగానే నెత్తి కొట్టుకున్నాడు.

“ఓరి, గంజా! కొలిమిల గంజి కాలిపోతె మన్నుల సన్నసన్న బొక్కలు మిగుల్తయి. నికెల్ ఆ బొక్కలల్ల విడివిడిగ సర్దుకుంటది. ఎన్ని దినాలు ఆరాలె?”

“ఎనిమిది,” అంది, అతని మొహం చూడకుండా.

పడుగుల మధ్య పెరిగినవాడు సరేనని సంచి చిలక్కొయ్యకు తగిలించాడు.

మరునాడు మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. రేణుకమ్మ మనసు మగ్గం మీద నిలవలేదు. ఈపాటికి బిళ్లలు పెళపెళలాడుతుంటాయి, తన అబద్ధం బయటపడుతుంది, సాయంత్రం రైలుకే వెళ్లిపోతాడు. దిగులుగా పెరట్లోకి పోయింది.

కురుమూర్తి గొంతుక్కూర్చుని, చెంబులో నీళ్లు అరచేత పోసుకుని బిళ్లల మీద చిలకరిస్తున్నాడు. ఆమెను చూసి ఉలిక్కిపడ్డాడు.

“ఇంక ఆరలేదే,” అన్నాడు.

రేణుకమ్మ కళ్లు తుడుచుకుని, పక్కన కూర్చుని చెంబు అందుకుంది.