నిదానం చెప్పిన చిట్కా

గుంపులో ఆమె పేరు సూది. అసలు పేరు ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. కుట్టుపని చేసే మనిషి కాబట్టి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. ఇళ్లలో కంప్యూటర్లతో తంటాలు పడేవాళ్లు ఒకరికొకరు సాయం చేసుకునే ఆన్‌లైన్ గుంపు అది. అందులో గొడ్డలి అని ఒకాయన ఉన్నాడు. ప్రింటర్ మొరాయించినా, తెర మసకబారినా ఆయన మందు ఒక్కటే: "ఫార్మాట్ కొట్టేయండి." తలనొప్పికి తల తీసేసే వైద్యమన్నమాట. నిదానం అని ఇంకొకావిడ ఉంది. ఏ జవాబైనా "నిదానం, కంగారు పడకండి" అనే మొదలుపెడుతుంది. సూదికి ఆవిడ మాటంటే గురి.

సూది కుట్టేవి అందరికీ పట్టే బట్టలు కావు. షాపులో దొరికే చొక్కా సరిపోని వాళ్లే ఆమెను వెతుక్కుంటూ వస్తారు. చక్రాల కుర్చీలో కూర్చునే అమ్మాయికి వీపు దగ్గర పైకి ఎగదన్నని కోటు. ఒక భుజం ఎత్తుగా, ఇంకోటి పల్లంగా ఉండే లైబ్రేరియన్‌కి రెండూ సమంగా కనిపించే చొక్కా. కొలతలు తీసి, ముతక గుడ్డతో కుట్టి తొడిగి చూసి, దిద్ది దిద్ది, చివరికి ఆ నమూనాను కంప్యూటర్లో గీసి దాచుకుంటుంది.

ఆ కంప్యూటర్‌కి వయసు మీద పడింది. ఒక ఫైలు తెరవమంటే, టీ కాచుకుని తాగి గ్లాసు కడిగి వచ్చినా ఇంకా ఆలోచిస్తూనే ఉండేది. సూది గుంపులో అడిగింది. నిదానం రాసింది: "నిదానం, కంగారు పడకండి. డిస్కు నిండినట్టుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉండేది చెత్తే, అంతా తీసేయండి. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసేయండి."

సూది అక్షరం పొల్లుపోకుండా అలాగే చేసింది. కంప్యూటర్ కట్టు విప్పిన లేగదూడలా పరుగందుకుంది. సంబరపడిపోయి లైబ్రేరియన్ చొక్కా తెరవబోతే, అది లేదు. కోటు లేదు. ఒక్క నమూనా కూడా లేదు. ఆమె బొమ్మలు గీసుకునే ప్రోగ్రామ్ ఇన్నాళ్లూ ప్రతిదాన్నీ డౌన్‌లోడ్స్‌లోనే దాస్తూ వచ్చిందని అప్పటికిగాని తెలియలేదు.

గుండీలు ఏరుతున్న అత్తగారు తలెత్తింది. "ఏమైందమ్మాయ్, అలా కొయ్యబారిపోయావు?"

సంగతి విని ఆవిడ గుండీల డబ్బా పక్కన పెట్టేసి, ఆ చిట్కా చెప్పినావిడని నాలుగు మాటలంది. "ఎవరో చెప్పారని ఇల్లంతా ఊడ్చి పారేస్తారుటమ్మా?"

సూది ఫోన్‌లోంచి గుంపుకి రాసింది. గొడ్డలి వెంటనే దిగాడు: "ఎలాగూ పోయాయిగా, ఫార్మాట్ కొట్టేయండి." ఇంకెవరో "ఇంకో కాపీ పెట్టుకోకపోవడం మీ తప్పే" అన్నారు. అంతలో నిదానం వచ్చింది. ఆ రోజు ఆవిడ మాట ఎప్పటిలా మొదలవలేదు.

"తప్పు నాది. ఏముందో అడక్కుండా తీసేయమన్నాను. ముందు కంప్యూటర్ ఆపేయండి. దాంట్లో ఇంకేమీ చేయకండి. నా నంబరు పంపుతున్నా, ఫోన్ చేయండి."

సూది చేసింది.

"మీది పాత రకం డిస్కు. చెరిపినవి వెంటనే మాయమైపోవు. ఆ చోట కొత్తవి వచ్చి కూర్చునేదాకా అక్కడే పడి ఉంటాయి" అంది నిదానం.

"అయితే తిరిగొస్తాయాండీ?"

"వస్తాయని మాటివ్వలేను. నా దగ్గర ఓ పాత కంప్యూటరుంది. దాంట్లో నా ఫొటోలే చెరిపి, తిరిగి రాబట్టగలనేమో చూస్తాను. అది కుదిరాకే మీదాని మీద చేయి వేద్దాం."

ఆ మాటకి సూది గుండె కాస్త కుదుటపడింది. ఖరీదైన గుడ్డ మీద కత్తెర పెట్టేముందు తానూ ముతక గుడ్డనే కత్తిరించి చూసుకుంటుంది. ఈవిడా అదే కోవ మనిషి.

మర్నాడు మధ్యాహ్నం నిదానమే ఫోన్ చేసింది. "కుదిరింది. కూర్చోండి."

సూది చేత, కింది వాటాలో ఉండే టీచరు లాప్‌టాప్‌లో, చెరిపిన ఫైళ్లను వెతికే ప్రోగ్రామ్‌తో ఒక పెన్‌డ్రైవ్ తయారు చేయించింది. పాత డిస్కును కదపకుండా, ఆ పెన్‌డ్రైవ్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చేసింది. దొరికినవి దాచడానికి ఇంకో పెన్‌డ్రైవ్ పెట్టించింది. అడుగడుగునా ఆగుతూ, "తెర మీద ఏముందో చదవండి. నేను సరే అనేదాకా నొక్కకండి" అంటూ నడిపించింది. ఒకచోట సూది వేలు నొక్కబోయింది.

"ఆగండి! ఎక్కడ దాచమంటోంది? మళ్లీ చదవండి."

సూది చదివింది.

"అది పాత డిస్కే. అక్కడ దాస్తే మిగిలినవాటి నెత్తిన పడతాయి. మార్చండి."

కొంతసేపటికి ఫైళ్లు ఒక్కొక్కటే రాసాగాయి. పేర్లు పోయి, వట్టి అంకెలు మిగిలాయి. సూది ఒకటి తెరిచింది. తెరకి దగ్గరగా వంగింది.

"ఏం కనిపిస్తోందో చెప్పండి. నాకు భయంగా ఉంది" అంది నిదానం.

"కోటు వీపు భాగమండీ... వచ్చేసింది!"

సాయంత్రానికి చాలావరకు దక్కాయి. లైబ్రేరియన్ చొక్కా మాత్రం ఎంత పెనుగులాడినా తెరుచుకోలేదు.

"ఆయన నంబరివ్వండి" అంది నిదానం. "మళ్లీ కొలతలంటే విసుక్కుంటారు. నా వల్లే పోయిందని నేనే చెప్తాను. మాట పడాల్సింది మీరు కాదు."

"వద్దండీ. ఆయనకి నేను సర్దిచెప్పుకుంటాను."

అత్తగారు ఊరుకోలేదు. చేయి చాచి ఫోన్ లాక్కుంది. "అమ్మా, నేను దీని అత్తగారిని. నిన్న నిన్ను నాలుగు మాటలన్నాను, నీకు వినపడలేదులే. తప్పు జరిగితే మొహం చాటేసేవాళ్లనే చూశానుగానీ, పట్టుపట్టి కూర్చుని దిద్దేదాన్ని నిన్నే చూశాను. చల్లగా ఉండమ్మా."

అవతల ముక్కు చీదిన చప్పుడైంది.

మర్నాడు గుంపులో నిదానం తన పాత చిట్కాను చెరపకుండా అలాగే ఉంచి, దాని పైన రాసింది: "ఇది నేను చెప్పిన తప్పు. ఏదైనా తీసేయమనే ముందు అందులో ఏముందో అడగాలి, ఇంకోచోట కాపీ పెట్టించాలి. నేను రెండూ చేయలేదు. ఒకరి ఏళ్ల కష్టం పోబోయింది." గుంపులో ఎవరూ తప్పుపట్టకుండానే తన తప్పును అందరికీ కనిపించేలా పెట్టుకున్న ఆ మనిషి మీద సూదికి గౌరవం రెట్టింపయింది.

ఆదివారం లైబ్రేరియన్ వచ్చాడు. "మళ్లీనా?" అని గొణిగి, చేతులు చాపి నిలబడ్డాడు. సూది ఆయన భుజం మీద టేపు పెట్టి జరిగిందంతా చెప్పుకొచ్చింది. ఆయన గొణగడం మరిచిపోయి విన్నాడు.

"తన ఫొటోలు చెరుపుకుని మరీ చూసిందా? ఎవరండీ ఆవిడ?"

"నా స్నేహితురాలు" అంది సూది. "కదలకండి, కొలత తప్పుతుంది."