సింహాద్రి పరిగెత్తిన రీలు

నేను ఒక మూగ సినిమా రీలుని. అందులోనూ నవ్వుల సినిమాని. ఆ నవ్వు నాది కాదు, జనానిది. నన్ను చూసి టెంటులో కడుపు పట్టుకుని దొర్లినవాళ్లున్నారు. నాకు మాత్రం నాలో అంత నవ్వొచ్చేది ఏముందో ఈనాటికీ బోధపడలేదు.

మద్రాసులో ఒక అద్దె తోటలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో తీశారు నన్ను. నిజం చెప్పాలంటే కెమెరాలో తిరిగింది మా అమ్మ, అంటే నెగెటివు. నేను ఆమె నుంచి తీసిన అచ్చును. అమ్మ వానాకాలం చెమ్మకు పాడైపోయింది కాబట్టి మిగిలింది నేనొక్కణ్ణే. కథ గొప్పదేం కాదు. పెళ్లివారి వంటవాడు అప్పడాల బుట్ట ఎత్తుకుని పారిపోతాడు, కానిస్టేబులు తరుముతాడు. వంటవాడి వేషం విజయనగరం సింహాద్రిది. సర్కసులో తీగ మీద నడిచిన మనిషి. పెంకుటింటి నడికప్పు మీద ఒక్క పెంకు కదలకుండా, ఒక్క అప్పడం కింద పడకుండా పరిగెత్తాడు. ఆ పరుగు చూడాలి మీరు. నాలో ఉన్నవన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు.

కప్పు చివర నుంచి గడ్డిమోపుల మీదికి దూకాలి. అయితే గడ్డి కెమెరాకు కనబడుతోందని డైరెక్టరు గారు ఆఖరి నిమిషంలో పక్కకు జరిపించారు. ఆ సంగతి కేక వేసి చెప్పారు కూడా. మూగ సినిమా తీసేచోట ఉన్నంత గోల సంతలో కూడా ఉండదు. శబ్దం ఎలాగూ పడదు కదా అని అందరూ అరుస్తూనే ఉంటారు. పరిగెత్తు, దూకు, నవ్వు అన్న కేకల్లో ఆ ఒక్క కేకా కలిసిపోయింది. సింహాద్రి ఉత్త నేల మీద పడ్డాడు. తుంటి విరిగింది. నోరు బార్లా తెరిచి అరిచాడు. ఆ అరుపు నాలోకి రాలేదు, తెరిచిన నోరు మాత్రం వచ్చింది. చూసినవాళ్లు నవ్వుతున్నాడనుకుంటారు.

ఆ తర్వాత టెంటుల వెంట ఊళ్లు తిరిగాను. తెర పక్కన రేకు గొట్టం పట్టుకుని కథ చెప్పడానికి బుచ్చిలింగం అని ఒక వ్యాఖ్యాత ఉండేవాడు. సింహాద్రి పడగానే, అత్తారింట్లో వేసిన పరుపు ఇదేనర్రా అని ఆ నోటికి మాట తగిలించేవాడు. జనం విరగబడి నవ్వి "వన్స్ మోర్" అనేవారు. నాటకాల్లో పద్యానికి కొట్టే వన్స్ మోరు మనవాళ్లు పడ్డవాడికీ కొట్టారు. ఆపరేటరు వీరాస్వామి బొమ్మ వేసే మరను చేత్తో వెనక్కి తిప్పేవాడు. సింహాద్రి నేల మీంచి లేచి, గాల్లో తేలి, కప్పు మీద నిలబడేవాడు. మళ్లీ ముందుకు తిప్పితే మళ్లీ పడేవాడు. మరలో తగులుకున్నదాన్ని, నేనేం చెయ్యను? తిప్పినప్పుడల్లా పడేశాను.

ఒకసారి విజయనగరంలో టెంటు వేశారు. మొదటి ఆటకే ఒకతను కర్ర ఊతంగా నడుస్తూ భార్యతో వచ్చి ముందు నేల మీద కూర్చున్నాడు. అతనే సింహాద్రి. ఎవరూ గుర్తుపట్టలేదు. సినిమాల్లోకి పోవద్దని మొత్తుకున్న భార్య పైడమ్మకు, బండి గుద్ది కాలు పోయిందని చెప్పి ఉన్నాడట. తను ఎలా పరిగెత్తేవాడో ఆవిడ ఒక్కసారి కళ్లారా చూడాలని ఇప్పుడు తీసుకొచ్చాడు. పడటం కూడా వేషమే అనుకుంటుందిలే అని అతని ధైర్యం.

పరుగు చూసి పైడమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆపైన పడ్డాడు. టెంటంతా నవ్వింది, వన్స్ మోర్ అంది. ఆవిడకు మొగుడి ముఖం తెలుసు. వీరాస్వామి వెనక్కి తిప్పుతుండగానే లేచి మర దగ్గరికి వచ్చేసింది.

"మా మావ నవ్వట్లేదు బాబూ, ఏడస్తన్నాడు. ఇదిగో, పైకెల్లి నిలబడ్డాడు గదా, అక్కడే ఆపీ. ఇంక పడనీకు."

వీరాస్వామి చెయ్యి నెమ్మదించింది. దీపం ముందు ఒక్క క్షణం నిలిచానా, భగ్గున అంటుకుంటాను. తిప్పితే అతను పడతాడు. ఆపితే రీలు కాలిపోతుందమ్మా అని వీరాస్వామి నసిగాడు.

ముందు వరస నుంచి సింహాద్రి కర్ర మీద లేచాడు.

"తిప్పీ బాబూ. అది కాలిపోతే నాను పరిగెట్టింది ఇంకెక్కడా నేదు. పడితే పడనీ."

వీరాస్వామి తిప్పాడు. నేను పడేశాను. టెంటు నవ్వింది. పైడమ్మ మర పక్కనే కూలబడి పైటకొంగు నోట్లో కుక్కుకుంది. ఆవిడ పక్కనే నేను గిరగిరా తిరుగుతూ ఉన్నాను.

సినిమాకు మాటలొచ్చాక నన్ను తూకానికి అమ్మేశారు. ఇప్పుడు ఒక గాజుల కార్ఖానా పెరట్లో ఉన్నాను. చాకలిసోడా నీళ్ల తొట్టిలో నానబెట్టి, నా మీది బొమ్మలు గీకేసి, మిగిలిన సెల్యులాయిడ్ రేకుతో ఆడవాళ్లకు గాజులు చేస్తారట. చివరి కొస నుంచి మొదలుపెట్టారు. తెరిచిన నోరు పోయింది. పడటమూ పోయింది. ఎన్నాళ్లకో ప్రాణం తెరిపిన పడింది. అక్కడితో చాలు బాబూ, ఆ ముందున్నది ఉంచెయ్యండి అని నేను లోపల్లోపల మొత్తుకుంటున్నాను. పనివాడు చేతులు తుడుచుకుని నన్ను ఇంకో బార లాగాడు. పరుగు కూడా నీళ్లలోకి దిగింది.