రెండో గొంతు

మా బ్యాండులో నలుగురం. పాడేది అక్క, గిటారు బావది, డ్రమ్స్ నావి. బేస్ గిటారు వాయించేవాడికి మేం పెట్టిన పేరు మౌనస్వామి. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు. బావ టైర్ల షాపు వెనక గదిలో, గోడల పొడుగునా పాత టైర్లు పేర్చుకుని, రబ్బరు వాసనలో సాధన చేసేవాళ్లం. పగలు అక్క పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చునేది. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా ఆమె కూనిరాగాలు విని నవ్వుతూ వెళ్లేవారట. అది ఆవిడ చెప్పిన మాటే లెండి.

ఆ చలికాలం మా పాట ఒకటి ఉన్నట్టుండి ఫోన్లలోకి పాకింది. బస్సులో ఎవరో ఒకరు దాని చివరి చరణం పాడుకుంటూ కనిపించేవారు. ఓ మ్యూజిక్ కంపెనీ నుంచి ఫోనొచ్చింది. పేరున్న బ్యాండు ఊరూరా కచేరీలు చేయబోతోందట, వాళ్లకంటే ముందు మేం వాయించాలట. అక్కకి కాలు నేల మీద నిలవలేదు.

ఆదివారం మధ్యాహ్నం కంపెనీ మేడమ్ వచ్చి, ఓ టైరు మీదే కూర్చుని మా పాటలన్నీ విన్నది. అక్క ప్రాణం పెట్టి పాడింది.

"బాగుంది," అంది మేడమ్. "ఆ పాట చివర్లో వచ్చే గొంతు ఎవరిది?"

అక్క నవ్వింది. "నాదేనండీ. ఇంకెవరిది?"

"మీ గొంతు కింద ఇంకోటి ఉంది. జనం పాడుకుంటున్నది దాన్నే. మాకు కావాల్సింది అదే."

ఫోనులో పాట పెట్టింది. అంతకుముందు వందసార్లు విన్న పాటే. ఈసారి చెప్పి వినిపించేసరికి ఆ రెండో గొంతు తప్ప ఇంకేమీ వినపడలేదు నాకు. బావ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"పాట రికార్డు చేసిన రోజు నీకు జలుబు కదా," అన్నాడు అక్కతో, నేల చూపులు చూస్తూ. "నువ్వెక్కడ తప్పుతావోనని మౌనస్వామి పక్కనుంచి అందించాడు. బాగుందని ఉంచేశాను. చెబితే నొచ్చుకుంటావని..."

అక్క మౌనస్వామి వైపు తిరిగింది.

"ఒకసారి పాడతారా?" అని మేడమ్ మౌనస్వామిని అడిగింది. తల అడ్డంగా ఊపుతాడనుకున్నాను. వాడు గిటారు కింద పెట్టి, కళ్లు మూసుకుని పాడాడు. నా చేతిలో కర్రలు చేతిలోనే ఉండిపోయాయి. షాపులో గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాడు సైకిలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇంత గొంతు పెట్టుకుని ఇన్నేళ్లూ ఎందుకు పాడలేదురా?" అంది అక్క.

"మీరెవరూ అడగలేదక్కా."

అందులో నిష్ఠూరం లేదు. టైమెంతయిందో చెప్పినట్టు చెప్పాడు. చెంప మీద కొట్టినా మాకు అంత దిమ్మ తిరిగేది కాదు.

అక్క విసవిసా బయటికి నడిచింది. వెంట వెళ్లబోయిన బావని చేత్తోనే ఆపేసింది. పంపు దగ్గర నీళ్ల చప్పుడు చాలాసేపు వినబడింది. తడి మొహంతో తిరిగొచ్చి మేడమ్ ముందు నిలబడింది.

"వస్తే నలుగురం వస్తాం. ముందు మైకు వీడిది. పక్కన నేను పాడతాను. కుదరదంటే మీ దారి మీది."

మేడమ్ టైరు మీంచి లేచింది. "ఆ రెండు గొంతులూ కలిసే కదా ఇంతదూరం వచ్చాయి. రండి."

ఆ వారమంతా అక్క బావతో మాట్లాడలేదు. మౌనస్వామికి మాత్రం, మైకుకి ఎంత దూరంలో నిలబడాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో దగ్గరుండి నేర్పింది.

మొదటి కచేరీలో మైదానం నిండా మనుషులే. వాడు నోరు విప్పగానే అంతమందీ గొంతు కలిపారు. అక్క అందుకోవాల్సిన చోటు వచ్చింది, దాటిపోయింది. చూస్తే, మైకు ముందు నోరు తెరుచుకుని వాడినే చూస్తోంది. నేను అదే దరువు మళ్లీ మళ్లీ తిప్పాను. చివరికి కళ్లు తుడుచుకుని అందుకుంది.

స్టేజీ దిగాక నా చెయ్యి పట్టుకుంది.

"నమ్మలేకపోతున్నానురా," అంది.

దేన్ని, అంత జనాన్నా, ముందు మైకు తనది కాకపోవడాన్నా అని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.