బోదగుట్ట మీద కోత

దసరా పోయి పక్షం దాటినా గుట్ట మీద గడ్డి కోయడానికి ఎవరూ రాలేదు. మౌనికకు అదే బెంగ పట్టుకుంది.

ఆమెది హన్మకొండ. నాచుమొక్కల మీద పీహెచ్‌డీ చేస్తోంది. పాలకుర్తి దాటి లోపలికి పోతే వచ్చే బోదగుట్ట ఆమె పరిశోధన చేసే చోటు. గుట్ట నిండా నడుమెత్తు బోదగడ్డి. తాతల కాలం నుంచి ఊరివాళ్లు దసరా తర్వాత ఆ గడ్డి కోసి ఇళ్లపైన కప్పుకునేవాళ్లు, పశువులకు వేసేవాళ్లు. కోసిన చోట గొర్లు మేసేవి. నేలకు ఎండా వానా తగిలి, దుబ్బుల మధ్య నాచు పరుచుకునేది. మఖమల్ గుడ్డ లాంటి నాచు ఒకటి. మట్టికి చిన్న పువ్వులా అతుక్కుని ఉండే రిక్సియా ఇంకొకటి. కోయకుండా వదిలేస్తే ఆ గడ్డే వాటి మీద పడి, కుళ్లి, ఊపిరాడకుండా చేస్తుంది. మౌనిక రుజువు చేయాలనుకున్నది ఇదే. దానికి ఎవరో ఒకరు గడ్డి కోయాలి.

ఇప్పుడు ఊళ్లో అన్నీ స్లాబు ఇండ్లే. పశువులు తగ్గాయి. పైగా పత్తి ఏరే రోజులు. మౌనిక ఇల్లిల్లూ తిరిగి అడిగింది. "చూద్దాం తీ బిడ్డా" అన్నవాళ్లే కానీ కదిలినవాళ్లు లేరు.

చివరికి మొగిలమ్మ కదిలింది. ఆమె ఇంట్లో ఇంకా రెండు బర్రెలున్నాయి. ఫీల్డుకు వచ్చినప్పుడల్లా మౌనిక వాళ్ల అరుగు మీదే టిఫిన్ డబ్బా విప్పేది. అట్లా ఆమె చిన్నమ్మ అయింది, ఆమె భర్త కట్టయ్య కాక అయ్యాడు.

"చేన్ల పత్తి రాలిపోతాంటే గుట్టెక్కుతవా?" అన్నాడు కట్టయ్య.

"ఒక్క పూటనే గదా. పిల్ల ఎన్నిమాట్ల తిరగాలె? బర్లకూ గడ్డైతది."

గొణుక్కుంటూనే ఆయనా కొడవలి తీసుకుని వెంట వచ్చాడు.

పొద్దున్నే మొదలుపెట్టారు. మొగిలమ్మ వంగితే మళ్లీ లేవదు. ఎడమ చేత్తో పిడికెడు గడ్డి పట్టడం, కుడి చేత్తో లాగడం, పక్కన వేయడం. కోసిన చోట మౌనిక మోకాళ్ల మీద కూర్చుని, నేలను చూసి, ఫొటోలు తీసుకుంటోంది. చాలా రోజుల తర్వాత మనసు తేలికగా ఉంది.

అప్పుడు మొగిలమ్మ "అమ్మో" అంది. గట్టిగా కూడా కాదు, ముల్లు గుచ్చుకుంటే అన్నట్టు అంది.

తర్వాత గడ్డిలోంచి బుస్సుమని చప్పుడొచ్చింది. ఆగకుండా, కుక్కర్ ఆవిరి వదిలినట్టు. కట్టయ్య పరుగున వచ్చి ఆమెను రెక్క పట్టి వెనక్కి లాగాడు. ఒళ్లంతా గొలుసు మచ్చలున్న లావుపాటి పాము మెల్లగా దుబ్బులోకి జారిపోవడం మౌనిక కళ్లారా చూసింది.

"రక్తపింజర" అన్నాడు కట్టయ్య. 

మడమ పైన రెండు చుక్కలు. అప్పుడే వాస్తోంది. కట్టయ్య తలకున్న రుమాలు విప్పి ఆమె పిక్క మీద బిగించి కట్టాడు.

"కాకా, గట్ల కట్టొద్దు!" మౌనిక అరిచింది. ఫీల్డుకు పంపే ముందు కాలేజీలో ఎవరో వచ్చి చెప్పారు: కట్టు కట్టకూడదు, కోయకూడదు, కాలు కదలకుండా ఉంచాలి, దవాఖానకు పోవాలి. అప్పుడు సగం విని సగం వినలేదు. ఇప్పుడు ఆ సగమే దిక్కు.

"కట్టకపోతే ఇసం పైకెక్కదా?"

"బిగ్గర కడ్తె కాలు పోతది కాకా. నా మాటిను."

ఆయన చేతులు ఆగిపోయాయి. ఆ క్షణంలోనే ఆమె ముడి విప్పేసింది.  తను తప్పుగా గుర్తుపెట్టుకుని ఉంటే?

కాలు కదలకుండా గడ్డి మోపు కోసం తెచ్చిన కట్టె పెట్టి, చున్నీతో వదులుగా చుట్టింది. కట్టయ్య భార్యను వీపున ఎత్తుకుని గుట్ట దిగాడు. కింద స్కూటీ దగ్గర ఇంకో గొడవ.

"పక్కూళ్లె మొండయ్య ఉన్నడు. మంత్రమేస్తడు. ఎందర్నో బతికిచ్చిండు."

"కాకా, నీ కాళ్లు మొక్కుత. దవాఖానకే పోదాం."

కట్టయ్య ఆమెను తేరిపార చూశాడు. "దీనికేమన్నయితే?"

 మొగిలమ్మే కళ్లు మూసుకుని, "బండెక్కియ్యుండ్రి" అంది.

మధ్యలో మొగిలమ్మను కూర్చోబెట్టుకుని పాలకుర్తి చేరారు. అక్కడ విషానికి మొదటి విరుగుడు మందు ఎక్కించి అంబులెన్సులో వరంగల్ పంపారు. దారిలో మొగిలమ్మ పళ్ల చిగుళ్ల నుంచి నెత్తురు కారడం మొదలైంది. ఆమె దాన్ని కొంగుతో తుడుచుకుంటూ, "బర్లకు నీళ్లెవరు పెడ్తరు" అంటోంది. కట్టయ్య మౌనిక వైపు చూడటం మానేశాడు.

పెద్ద దవాఖానలో ఆమె రక్తం గాజు గొట్టంలో తీసి స్టాండులో నిలబెట్టారు. కాసేపటికి గడ్డకడితే మంచిది, లేకపోతే విషం ఇంకా పనిచేస్తున్నట్టు. నర్సు వచ్చి గొట్టం వంచింది. రక్తం నీళ్లలా పక్కకు ఒరిగింది. మళ్లీ మందు, మళ్లీ గొట్టం.

వార్డు బయట ఊరివాళ్లు నలుగురు చేరారు. అందులో గొర్లు కాసే ఒకాయన అన్నాడు, మౌనికకు వినపడేటట్టే: "పాచి కోసమట. పాచి కోసం మనిషిని పాముల పుట్టకు తోలింది."

"కట్టు గూడ ఇప్పిందట" అన్నారు ఇంకొకరు.

ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. ఏడుపు రాలేదు.  తల్లి ప్రమీల అన్నం క్యారియరుతో వచ్చి, "తిను" అని బలవంతపెట్టి, తినకపోతే పక్కనే కూర్చుని పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంది.

రెండోసారి కూడా రక్తం గడ్డకట్టలేదు. మూడోసారి గొట్టం వంచితే కదల్లేదు. నర్సు తలూపింది. కట్టయ్య నేల మీద కూలబడ్డాడు.

అయినా అయిపోలేదు. "కిడ్నీలు చూడాలె. మూత్రం తగ్గింది" అన్నాడు డాక్టరు. మంచానికి వేలాడదీసిన సంచిలో అడుగున కాస్త ముదురు రంగు నీళ్లున్నాయి, అంతే. మరునాడంతా మౌనిక ఆ సంచి చుట్టే తిరిగింది. దగ్గరకు పోవడానికి భయం, పోకపోతే ఇంకా భయం. డాక్టరును పట్టుకుని అడిగింది, "సార్, కట్టు నేనే ఇప్పిన. తప్పయిందా?"

ఆయన కేసుషీటులోంచి తల ఎత్తకుండానే, "ఉంచితే ఈపాటికి కాలు నల్లగయ్యేది" అని వెళ్లిపోయాడు. కట్టయ్య పక్కనే ఉన్నాడు. విన్నాడో లేదో తెలియలేదు.

ఆ మరుసటి పొద్దున సంచి సగం నిండింది. రంగు కూడా తేలింది.

మొగిలమ్మ ఇల్లు చేరేసరికి పత్తి సగం నేల రాలిపోయింది. మౌనిక చూడటానికి పోయింది. కాలు ఇంకా మొద్దులా ఉంది.

"చిన్నమ్మా, ఆ గుట్ట పని బందు పెడ్త. మా గైడు సార్‌కు చెప్పిన."

మొగిలమ్మ వాచిన కాలును చేత్తో సవరించుకుంది. "నాకైతె గడ్డి సప్పుడింటేనే గుండె దడదడ అంటాంది బిడ్డా. మల్ల ఎక్క. నీ సంగతి నువ్వు చూసుకో" అంది. కోపంగా కాదు. ఓదార్పుగానూ కాదు.

మౌనిక వారం రోజులు ఇంట్లోనే ఉంది. సగం కోసిన గడ్డి కళ్లముందే కదిలేది. చివరికి మోకాళ్ల దాకా బూట్లు కొనుక్కుని, కొడవలి ఒకటి సంపాదించి, ఒక్కతే గుట్టెక్కింది.

ఒక్కో పిడికెడు కోయడానికి ముందు కాలితో నేలను తన్నేది, ఆగేది, వినేది. గాలికి గడ్డి కదిలినా కొడవలి ఆపి వెనక్కి జరిగేది. ఎంత కోసినా చాప వేసేంత చోటు కూడా కాలేదు. అరచేతులు బొబ్బలెక్కాయి.

"కొడవలి గట్ల పడ్తరా? ఏలు తెగుతది."

వెనక కట్టయ్య. చేతిలో పొడుగాటి వెదురు కట్టె.

"కాకా, నువ్వెందుకొచ్చినవ్..."

"నీ కోసం రాలె. బర్లకు మేత లేదు." ఆయన ఇంకా ఆమె ముఖంలోకి చూడటం లేదు. ముందుకు పోయి కట్టెతో దుబ్బులను కొట్టుకుంటూ నడిచాడు. ఆయన కొట్టిన చోట ఆమె కోసింది. 

ఒక దుబ్బు కింద ఎండి నల్లబడ్డ నాచు కనిపించింది. మౌనిక సీసాలో నీళ్లు కొద్దిగా పోసింది. చూస్తుండగానే ముడుచుకున్న ఆకులు విప్పుకుని పచ్చగా తేరుకున్నాయి. కట్టయ్య కట్టె ఆనించి వంగి చూశాడు.

"గిదేనా?"

"గిదే కాకా."

"గీ పాచికేనా, మా మొగిలి సావుదాక పోయొచ్చింది?"

ఆమె తలొంచుకుంది.  కట్టయ్య లేచి, పక్క దుబ్బును కట్టెతో కొట్టాడు. ఏమీ కదలలేదు. ఇంకోసారి కొట్టి చెవి ఒగ్గి విన్నాడు.

"కొయ్యి" అన్నాడు. "పొద్దు గుంకకముందే దిగాలె."