అత్తయ్యకు చెప్పిన సినిమా

ఆ ఇంటి అత్తగారికి పాతకాలపు రాజుల సినిమాలంటే ప్రాణం. కోడలేమో కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పే మనిషి. తెరమీద రాజు విందుకు కూర్చున్నాడో లేదో, కోడలు అందుకునేది.

"ఆ పళ్ళెంలో బంగాళాదుంపలేంటత్తయ్యా? అవి ఆ దేశానికి వచ్చేసరికి ఈయన మునిమనవలు కూడా పోయుంటారు!"

అత్తగారు టీవీ శబ్దం పెంచేసేది.

అలాంటి అత్తగారికి ఒక కంట్లో రెటీనా ఊడింది. ఆపరేషన్ చేసిన డాక్టరు, కన్ను కుదురుకునే దాకా బోర్లా పడుకోవాలని, తల ఎత్తకూడదని గట్టిగా చెప్పారు. కోడలు కాలేజీకి సెలవు పెట్టేసింది. పెట్టదా మరి? తను పరిశోధనలో తలమునకలై ఉన్నప్పుడు పాలు తాగే పిల్లలిద్దరినీ కంటికి రెప్పలా పెంచింది ఈవిడే. ఆ మాట కోడలు ఏనాడూ నోరు తెరిచి ఆవిడతో చెప్పింది లేదు.

ఒక్కరోజుకే పెద్దావిడ డీలా పడిపోయింది. మధ్యాహ్నం దిండులోంచి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, నేను చూడని రాజుల సినిమా ఏదైనా పెట్టవే. నువ్వు చూసి చెప్పు, నేను వింటా."

కోడలు మంచం పక్కన కుర్చీ వేసుకుని మొదలుపెట్టింది. "కోట గోడ మీద సేనాపతి దుర్భిణీలోంచి చూస్తున్నాడు. నిజానికి అప్పటికది పుట్టనే లేదు. పైగా ఆ అంగీ గుండీలు..."

"తల్లీ, నాకు పరీక్షలేం లేవు గానీ, వాడేం చూస్తున్నాడో చెప్పు!"

కోడలికి నవ్వొచ్చింది. "శత్రువులు. కొండంతా దివిటీలే."

"రాజుకి తెలుసా?"

"లేదు, నిద్రపోతున్నాడు."

"అయ్యో, ఎవరైనా లేపండర్రా!"

రాణి లేపింది. చెబుతూ చెబుతూ కోడలి గొంతు తనకు తెలియకుండానే తగ్గింది. తోలు ఒరలోంచి రాజు కత్తి దూస్తే ఖంగుమని మోగింది. తోలు అలా మోగదని ఆమెకు తెలుసు. అయినా ఒళ్ళు ఝల్లుమంది. గుర్రాల ముసలి కాపరి రాజుకు అడ్డుపడి ఒరిగిపోయాడు.

"ఏమైందే? ఆగిపోయావేం?"

"ఉండండత్తయ్యా, కళ్ళు తుడుచుకోనివ్వండి." ఆ ఊపులోనే ఇన్నాళ్ళ మాటా బయటికొచ్చింది. "మీరే లేకపోతే నా చదువు అటకెక్కేది. ఎన్నడూ చెప్పలేదు గానీ..."

పెద్దావిడ చెయ్యి మంచం మీంచి తడుముకుంటూ వచ్చి కోడలి వేళ్ళు పట్టుకుంది.

"తెలుసులేవే. ముందు రాజు బతికాడా లేదా, అది చెప్పు."

"బతికాడు."

"హమ్మయ్య!"

కన్ను చక్కబడ్డాక ఇద్దరూ సోఫాలో చేరి మళ్ళీ అదే సినిమా పెట్టుకున్నారు. పెద్దావిడ కాసేపు చూసి మూతి ముడిచింది.

"ఈ కోటేంటే, అట్టముక్కలతో కట్టినట్టుంది? నువ్వు చెప్పింది రాతికోట కదా!"

"రాతిదేనత్తయ్యా, సరిగ్గా చూడండి," అంటూ కోడలు ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చుంది.